విజయవాడ ఆటోనగర్ మరమ్మతు పదజాలం

విజయవాడ ఆటోనగర్ మరమ్మతు పదజాలం అనగా విజయవాడ నగరంలోని జవహర్ ఆటోనగర్‌లోను, కృష్ణా డెల్టాలోని ఇతర వాహన మరమ్మతు షెడ్లలోను మెకానిక్కులు, డ్రైవర్లు, లారీ యజమానులు వాడే మాటల సముదాయం. ఇందులో వాహన భాగాల పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు నుండి వచ్చినవి. అయితే ఆ భాగాలకు వచ్చే లోపాలను చెప్పే మాటలు దాదాపుగా అన్నీ తెలుగు క్రియలే. అరగడం, జారడం, పట్టేయడం, లాగడం, కొట్టుకోవడం, దిగిపోవడం వంటివి ఇందుకు ఉదాహరణలు. ఒకే భాగం అరిగినపుడు చేసే పని వేరు, పట్టేసినపుడు చేసే పని వేరు. కనుక వాహనదారుడు సరియైన మాట చెప్పగలిగితే అనవసరపు ఖర్చు తప్పుతుంది. బ్రేకులు, స్టీరింగు విషయంలో ప్రాణాపాయం కూడా తప్పుతుంది. ఈ వ్యాసంలో తరచుగా వినిపించే పదాలు, వాటి అర్థాలు, ఆ లోపాలను గుర్తించే విధానం వివరించబడ్డాయి.

## నేపథ్యం

విజయవాడ చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి, హైదరాబాదు - మచిలీపట్నం జాతీయ రహదారి కలిసే చోట ఉన్నది. పూర్వం ఇవి 5వ, 9వ నంబరు రహదారులు. ఇపుడు 16వ, 65వ నంబరు రహదారులు. డెల్టా ధాన్యం, నున్న మార్కెట్టు మామిడి, కైకలూరు - కొల్లేరు ప్రాంతపు చేపలు, రొయ్యలు, ఉయ్యూరు చక్కెర కర్మాగారానికి వెళ్ళే చెరకు, ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్కేంద్రపు బూడిద, ఇవన్నీ లారీలు, ట్రాక్టర్ల మీదనే కదులుతాయి. ఇంత రవాణా ఉన్నచోట మరమ్మతు పరిశ్రమ కూడా పెరిగినది.

1960ల దశకంలో నగరానికి తూర్పున, బందరు రోడ్డు పక్కన ఈ పనివారందరికీ ఒకేచోట స్థలం కల్పిస్తూ ఏర్పడినదే జవహర్ ఆటోనగర్. దీనిని ఆసియాలోని పెద్ద ఆటోనగర్లలో ఒకటిగా పేర్కొంటారు. ఇంజను పని, లేత్ పని, కమాను పని, రేడియేటరు పని, బాడీ కట్టడం, టైర్ల రీట్రెడింగు, తుక్కు వ్యాపారం ఇక్కడ వేర్వేరు వృత్తులుగా స్థిరపడ్డాయి. ఒక లారీ పూర్తి మరమ్మతుకు నాలుగైదు షెడ్లు తిరగవలసి ఉంటుంది. అందువల్ల ఒక షెడ్డు వారు చెప్పిన మాట మరొక షెడ్డులో అదే అర్థంలో తెలియవలసిన అవసరం ఏర్పడినది. ఈ పదజాలం స్థిరపడటానికి ఇది ముఖ్య కారణం.

## పదాల పుట్టుక

* షెడ్డు: మరమ్మతు చేసే చోటు. "బండి షెడ్డుకు పోయింది" అంటే పెద్ద పని పడిందని అర్థం. 
* మేస్త్రి: పని పూర్తిగా వచ్చిన పెద్ద పనివాడు. ఇది పోర్చుగీసు భాషలోని మెస్త్రే అనే మాట నుండి వచ్చినది.
* కమాను: లారీ చక్రాల పైన ఉండే ఉక్కు పట్టీల కట్ట. పారశీక భాషలో కమాన్ అంటే విల్లు. పట్టీల వంపు విల్లులా ఉంటుంది.
* స్టెప్నీ: అదనపు చక్రం. 1904 ప్రాంతంలో వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణంలో, స్టెప్నీ వీధిలో ఒక సంస్థ అదనపు చక్రాలను తయారుచేసి అమ్మినది. ఆ వీధి పేరే భారతదేశంలో వస్తువు పేరుగా నిలిచినది.
* డీజిలు: జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ పేరు. ఇంజను రకానికీ, ఇంధనానికీ కూడా ఇదే పేరు.
* ఛాసీ: ఇంజను, ఇరుసులు, చక్రాలు బిగించే ఇనుప చట్రం. ఇది ఫ్రెంచి మాట. దీనిని ఇంగ్లీషులో రాసినట్లు కాక పలికినట్లే షెడ్లలోనూ పలుకుతారు.
* బెంజి లారీ: 1954 నుండి 1969 వరకు టాటా సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేసినది. ఆ ఒప్పందం ముగిసిన తరువాత కూడా పాత తరం డ్రైవర్లు టాటా లారీని బెంజి అనే పిలిచేవారు. విజయవాడలోని బెంజి సర్కిల్ పేరులోనూ ఈ మాట ఉన్నది.
* పానా, జాకీ: పానా అంటే నట్లు, బోల్టులు తిప్పే సాధనం. జాకీ అంటే వాహనాన్ని నేల నుండి ఎత్తే సాధనం. జాకీ ఎత్తడానికి మాత్రమే; ఎత్తిన తరువాత కింద దిమ్మ లేక స్టాండు పెట్టకుండా బండి కిందికి దూరరాదు.

## ఇంజను

ఇంజను లోపల గుండ్రటి గొట్టం వంటి సిలిండరులో పిస్టను పైకి, కిందికి కదులుతుంది. ఈ కదలికను కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు షాఫ్టు కలిసి చక్రం తిప్పే కదలికగా మారుస్తాయి. గాలి పీల్చడం, నొక్కడం, మండటం, పొగ వదలడం అనే నాలుగు దశలు వరుసగా జరుగుతాయి. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని మండిస్తుంది. డీజిలు ఇంజనులో గాలిని బాగా నొక్కడం వల్ల పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. అందుకే డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు.

బోరుకు రావడం: బోరు అంటే సిలిండరు లోపలి వ్యాసం. పిస్టను రాపిడికి సిలిండరు గోడ క్రమంగా అరిగి, గుండ్రం తప్పి అండాకారానికి వస్తుంది. అపుడు గాలి ఒత్తిడి కిందికి జారిపోతుంది. ఆయిలు పైకి ఎక్కి కాలిపోతుంది. ఈ స్థితిని "ఇంజను బోరుకొచ్చింది" అంటారు. లేత్ షెడ్డులో సిలిండరును కొంచెం పెద్దదిగా కోసి, దానికి సరిపోయే ఓవర్ సైజు పిస్టను వేస్తారు. లైనరు ఉన్న ఇంజనులో సాధారణంగా లైనరునే మార్చి కొత్త పిస్టను వేస్తారు. క్రాంకు షాఫ్టును అరగదీసినపుడు దాని వ్యాసం తగ్గుతుంది కనుక దానికి అండర్ సైజు బేరింగులు వేస్తారు.

రింగులు పోవడం: పిస్టను చుట్టూ ఉండే రింగులు ఒత్తిడిని పైన, ఆయిలును కింద ఆపుతాయి. ఇవి అరిగినా, మసి పట్టి గాడిలో ఇరుక్కున్నా ఇంజను బలం తగ్గుతుంది. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూస్తే పొగ దమ్ములు దమ్ములుగా వస్తుంది. రింగులు పోయినంత మాత్రాన బోరు పోయినట్లు కాదు. సిలిండరు గోడను కొలిచిన తరువాతే బోరు పని నిర్ణయించవలెను.

హెడ్ గ్యాస్కెట్ పోవడం: ఇంజను పై భాగమైన హెడ్డుకూ, కింది బ్లాకుకూ మధ్య ఉండే పలుచని పొర గ్యాస్కెట్. ఇది కాలిపోతే రేడియేటరు నీరు సిలిండరులోకి గాని, ఆయిలులోకి గాని చేరవచ్చు. నీరు తగ్గిపోవడం, రేడియేటరులో బుడగలు రావడం, ఆయిలు పాల టీ రంగుకు మారడం దీని గుర్తులు.

టాపెట్లు కొట్టుకోవడం: వాల్వులను తెరిచే భాగాల మధ్య కొంత సందు ఉండవలెను. సందు ఎక్కువైతే టకటక మని శబ్దం వస్తుంది. సందు అసలు లేకపోతే శబ్దం రాదు గాని వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. శబ్దం లేకపోవడం ఎల్లప్పుడూ మంచి గుర్తు కాదనడానికి ఇది ఉదాహరణ.

ఇంజను పట్టేయడం: ఆయిలు లేక గాని, అతిగా వేడెక్కి గాని పిస్టను సిలిండరులో, లేదా బేరింగు క్రాంకు షాఫ్టు మీద బిగుసుకుపోవడం. ఆయిలు ప్రెజరు దీపం వెలిగినపుడు వెంటనే ఇంజను ఆపకపోతే నిమిషాల్లోనే ఈ స్థితి రావచ్చు.

హాఫ్ ఇంజను, ఫుల్ ఇంజను: క్రాంకు షాఫ్టును కదపకుండా హెడ్డు, పిస్టన్లు, రింగుల వరకు చేసే పనిని హాఫ్ ఇంజను అంటారు. క్రాంకు షాఫ్టుతో సహా అన్నీ విప్పి చేసేది ఫుల్ ఇంజను. ఈ రెండింటి ఖర్చులో చాలా తేడా ఉంటుంది. పని మొదలు పెట్టక ముందే ఏది చేస్తున్నారో తెలుసుకోవడం అవసరం.

### పొగ రంగులు

* నల్ల పొగ: ఇంధనం పూర్తిగా కాలడం లేదు. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవడం, నాజిలు చెడిపోవడం, పంపు ఎక్కువ డీజిలు ఇవ్వడం, టర్బో గొట్టం చినగడం కారణాలు కావచ్చు.
* నీలి పొగ: ఆయిలు కాలుతున్నది. పొద్దున స్టార్టు చేసినపుడు మాత్రమే వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్ళను అనుమానించవలెను. నిరంతరం వస్తుంటే రింగులు, బోరు లేదా టర్బో కారణం.
* తెల్ల పొగ: నీటి ఆవిరి గాని, మండని డీజిలు ఆవిరి గాని. చల్లటి ఉదయాన కొద్దిసేపు రావడం సహజం. ఇంజను వేడెక్కాక కూడా ఆగకుండా, నీరు కూడా తగ్గుతుంటే గ్యాస్కెట్ చూడవలెను.

## ఇంధన వ్యవస్థ

ఎయిర్ పట్టడం: డీజిలు పూర్తిగా అయిపోయే వరకు బండి నడిపితే గొట్టాలలోకి గాలి చేరుతుంది. తరువాత ట్యాంకు నింపినా బండి స్టార్టు కాదు. పాత లారీలలో చేతి పంపు కొడుతూ, ఫిల్టరు వద్ద ఉన్న స్క్రూ వదులు చేసి బుడగలు పోయే వరకు గాలి తీస్తారు. దీనిని బ్లీడింగు అంటారు.

పంపు, నాజిళ్ళు: పాత ఇంజన్లలో పంపు ప్రతి సిలిండరుకూ వేర్వేరుగా, కొలతగా డీజిలు పంపుతుంది. నాజిలు దానిని సన్నని తుంపరగా చల్లుతుంది. ఈ కొలతలను యంత్రంపై సరిచేయడాన్ని క్యాలిబ్రేషన్ అంటారు.

కామన్ రైలు: ఇందులో డీజిలు ఒకే ఉమ్మడి గొట్టంలో 1600 బార్లకు, కొన్నింటిలో 2000 బార్లకు మించిన ఒత్తిడితో నిలువ ఉంటుంది. ఎపుడు, ఎంత చల్లాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఇంజను నడుస్తుండగా ఈ గొట్టాల నట్లు వదులు చేయడం అత్యంత ప్రమాదకరం. ఆ ఒత్తిడితో వచ్చే డీజిలు చర్మాన్ని చీల్చుకొని ఒంట్లోకి పోగలదు. పాత లారీకి చేసినట్లు దీనికి చేయరాదు.

టర్బో: బయటికి పోయే పొగ వేగంతో ఒక చక్రం తిరిగి, ఇంజనులోకి అదనపు గాలిని తోస్తుంది. దీని ఇరుసుకు ఇంజను ఆయిలే ఆధారం. అందువల్ల బరువుతో దూరం నడిచిన లారీని ఆపగానే ఇంజను కట్టివేయక, కొద్దిసేపు నెమ్మదిగా నడవనిస్తారు.

## చల్లదనం, ఆయిలు

వేసవిలో విజయవాడలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరిన సందర్భాలు ఉన్నాయి. ఇటువంటి ఎండలో బరువుతో నడిచే ఇంజనుకు చల్లదనపు వ్యవస్థ కీలకం.

కూలెంటు: తుప్పు పట్టనివ్వని రసాయనం కలిపిన ద్రవం. దీనివల్ల నీరు మరిగే స్థానం కూడా పెరుగుతుంది. బోరు నీటిలోని ఉప్పులు రేడియేటరు గొట్టాలలో గారలా పేరుకుంటాయి కనుక ఆ నీరు పోయడం మంచిది కాదు. ఇంజను వేడిగా ఉన్నపుడు రేడియేటరు మూత తీస్తే మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది.

థర్మోస్టాటు: ఇంజను తగిన వేడికి వచ్చేవరకు నీటిని రేడియేటరుకు పోనివ్వని కవాటం. వేడెక్కుతున్నదని దీనిని తీసి పారవేయడం చాలా చోట్ల కనబడే అలవాటు. దీనివల్ల ఇంజను ఎపుడూ తగిన వేడికి రాక, డీజిలు ఖర్చు, అరుగుదల పెరుగుతాయి.

15 డబ్ల్యు 40: ఆయిలు చిక్కదనాన్ని తెలిపే గుర్తు. డబ్ల్యు చలికాలానికి గుర్తు. మొదటి అంకె చలిలో ఆయిలు ఎంత తేలికగా పారుతుందో, రెండవ అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో తెలుపుతుంది. ఆయిలు నల్లబడినంత మాత్రాన చెడిపోయినట్లు కాదు. డీజిలు ఇంజనులో ఆయిలు మసిని తనలో పట్టి ఉంచుతుంది కనుక త్వరగా నల్లబడుతుంది.

## క్లచ్చి నుండి చక్రం దాకా

క్లచ్చి జారడం: ఇంజను వేగం పెరుగుతున్నా బండి వేగం పెరగకపోవడం. దీనితో పాటు కాలిన వాసన వస్తుంది. క్లచ్చి ప్లేటు అరగడం గాని, దానిపై ఆయిలు పడటం గాని కారణం. దీనికి విరుద్ధమైనది క్లచ్చి విడవకపోవడం. పెడలు పూర్తిగా తొక్కినా గేరు పడదు, గరగరమంటుంది. రెంటినీ "క్లచ్చి పోయింది" అనే అంటారు గాని పని వేరు. ఎల్లపుడూ పెడలు మీద కాలు ఉంచడాన్ని హాఫ్ క్లచ్చి అంటారు. రిలీజ్ బేరింగు త్వరగా పోవడానికి ఈ అలవాటు ఒక కారణం.

జాయింటు: గేరు బాక్సు నుండి వెనుక ఇరుసుకు బలాన్ని తీసుకుపోయే పొడవాటి షాఫ్టు చివర ఉండే మడత కీలు. ఇది అరిగితే బండి కదిలేటపుడు టక్కుమని శబ్దం వస్తుంది. నిర్లక్ష్యం చేస్తే షాఫ్టు ఊడి రోడ్డున పడవచ్చు.

హౌసింగు, క్రౌను: వెనుక ఇరుసు ఉండే ఇనుప గూడును హౌసింగు అంటారు. అందులో చిన్న పళ్ళచక్రమైన పినియను, పెద్ద పళ్ళచక్రమైన క్రౌనును తిప్పుతుంది. క్రౌనుకు 41 పళ్ళు, పినియనుకు 6 పళ్ళు ఉంటే నిష్పత్తి 6.83. అనగా షాఫ్టు 6.83 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. నిష్పత్తి ఎక్కువైతే లాగే బలం ఎక్కువ, వేగం తక్కువ. ఈ రెండు పళ్ళచక్రాలను జతగానే మార్చవలెను.

డిఫరెన్షియలు: మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగడానికి వీలు కల్పించే అమరిక. దీని లోపం బురదలో తెలుస్తుంది. జారే చక్రం గిరగిర తిరుగుతుంది, గట్టి నేల మీది చక్రం కదలదు. అందుకే ట్రాక్టర్లలో రెండు చక్రాలను ఒకటిగా కలిపే లాకు ఉంటుంది. డెల్టా పొలాలలో దమ్ము చేసేటపుడు బురద నీరు ఇరుసు సీళ్ళ గుండా లోపలికి చేరవచ్చు. దమ్ము తరువాత ఇరుసు ఆయిలు రంగు చూడటం మంచిది.

## బ్రేకులు

పెడలు దిగిపోవడం: కార్లు, చిన్న వ్యానులలో పెడలు ఒత్తిడిని ద్రవం చక్రాలకు చేరుస్తుంది. గొట్టాలలో గాలి చేరితే పెడలు మెత్తగా, స్పంజిలా దిగుతుంది. రెండు మూడు సార్లు కొడితే పైకి వస్తుంది. ఇది గాలి తీయవలసిన లోపం. పెడలును అదిమి పట్టినపుడు నెమ్మదిగా నేలకు దిగిపోతుంటే మాస్టరు సిలిండరు లోపల గాని, బయట గాని కారుతున్నదని అర్థం. అటువంటి బండిని నడపరాదు.

బ్రేకు ఆయిలు: ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకపు కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు తగ్గవచ్చు. మరిగితే ఆవిరి పుట్టి పెడలు ఒక్కసారిగా దిగిపోతుంది. దీనికి బదులుగా ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకులు పూర్తిగా పోతాయి.

ఎయిర్ బ్రేకు: లారీలు, బస్సులలో ద్రవానికి బదులు సుమారు 8 బార్ల ఒత్తిడి గల గాలి పనిచేస్తుంది. ఇంజనుకు అమర్చిన కంప్రెసరు ట్యాంకులను నింపుతుంది. గాలిలోని తేమ ట్యాంకు అడుగున నీరుగా చేరుతుంది కనుక దానిని క్రమం తప్పకుండా వదలాలి. స్ప్రింగు చాంబరు ఉన్న వాహనాలలో గాలి పూర్తిగా పోతే స్ప్రింగు బలంతో బ్రేకు తానే పడుతుంది. "గాలి పోయి బండి జామైంది" అనేది ఈ స్థితి. ఇది భద్రత కోసం ఏర్పరచినది. స్ప్రింగును కట్టివేసి బండి నడపడం ప్రమాదకరం.

లైనర్లు కాలడం: ఇంజనులో లైనరు అంటే సిలిండరు తొడుగు, బ్రేకులలో లైనరు అంటే డ్రమ్ముకు ఒరుసుకునే పట్టీ. ఘాటు దిగేటపుడు ఎడతెగక బ్రేకు తొక్కితే ఇవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఏ గేరులో ఎక్కుతామో దాదాపు ఆ గేరులోనే దిగి, ఇంజను చేత బండిని ఆపించడం సరియైన పద్ధతి.

న్యూట్రలులో దించడం: డీజిలు ఆదా అవుతుందని ఇంజను కట్టి, న్యూట్రలులో పల్లం దిగే అలవాటు. ఇంజను ఆగితే కంప్రెసరు గాలి నింపదు, పవరు స్టీరింగు బిగుసుకుంటుంది, కార్లలో బ్రేకుకు సాయపడే బూస్టరు కొద్ది తొక్కులకే ఖాళీ అవుతుంది. ఆదా అయ్యే డీజిలు కంటె ప్రమాదం చాలా పెద్దది.

## కమాన్లు, స్టీరింగు, టైర్లు

కమాను కట్ట: అనేక ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, యు ఆకారపు బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు. అధిక బరువు వల్ల పట్టీలు విరుగుతాయి, లేదా వంపు పోయి చదునవుతాయి. బరువు పెంచడానికి అదనపు పట్టీలు వేయించడం చూడవచ్చు గాని, దానివల్ల ఇరుసు, బ్రేకులు, టైర్ల శక్తి పెరగదు.

ఒకవైపు లాగడం: స్టీరింగు వదిలితే బండి పక్కకు పోవడం. ఎల్లపుడూ లాగితే టైరు గాలి, అలైన్‌మెంటు చూడవలెను. బ్రేకు తొక్కినపుడు మాత్రమే లాగితే లోపం బ్రేకులలో ఉన్నది. "ఎపుడు లాగుతున్నది" అని మెకానిక్కు మొదట అడగడానికి కారణం ఇదే.

కింగు పిన్ను లూజు: లారీ ముందు చక్రం మలుపు తిరిగే ఇరుసు పిన్ను అరగడం. చక్రాన్ని జాకీపై ఎత్తి పైనా కిందా పట్టి ఊపితే ఆట తెలుస్తుంది.

టైరు మీది గుర్తులు: 10.00 ఆర్ 20 అని ఉంటే వెడల్పు 10 అంగుళాలు, రిమ్ము 20 అంగుళాలు, ఆర్ అనేది రేడియలు రకానికి గుర్తు. తయారీ తేదీ నాలుగు అంకెలలో ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరపు 23వ వారం. అంచులు రెండూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, ఒక అంచే అరిగితే అలైన్‌మెంటు లోపం.

## విద్యుత్తు

సెల్ఫ్: ఇంజనును తిప్పి స్టార్టు చేసే మోటారు. తాళం తిప్పితే టక్ మని మాత్రమే వినిపిస్తే బ్యాటరీ బలహీనత, వదులైన తీగలు లేక సోలినాయిడు కారణం కావచ్చు. సెల్ఫ్ మార్చే ముందు బ్యాటరీ కొలవడం మంచిది.

డైనమో: బ్యాటరీని నింపే యంత్రం. ఇపుడు వాహనాలలో ఉండేది ఆల్టర్నేటరు అయినా పాత పేరే వాడుకలో మిగిలినది. 12 వోల్టుల బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే 12.6 వోల్టులు, ఇంజను నడుస్తున్నపుడు సుమారు 14 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తున్నా 12.6 దాటకపోతే లోపం సాధారణంగా ఛార్జింగులో ఉన్నది, బ్యాటరీలో కాదు. పెద్ద లారీలలో రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు.

ఎర్తు: బ్యాటరీ రుణ ధ్రువాన్ని ఛాసీకి కలిపే తీగ. ఇది తుప్పు పట్టితే దీపాలు మసకబారడం, సెల్ఫ్ తిరగకపోవడం వంటి సంబంధం లేనట్లు కనిపించే లోపాలు కలిసి వస్తాయి.

## బాడీ పనులు

లారీ కొన్నవారు ఛాసీని మాత్రమే కొని, క్యాబిను, తొట్టి ఇక్కడ కట్టించుకునే పద్ధతి చాలాకాలంగా ఉన్నది. దీనిని బాడీ కట్టించడం అంటారు. టింకరింగు అంటే సొట్టలు పోయేలా రేకును కొట్టి సరిచేయడం. తరువాత లప్పం పెట్టి నునుపు చేసి, ప్రైమరు, రంగు వేస్తారు. తుప్పును పూర్తిగా తీయకుండా లప్పం పెడితే కొద్ది నెలల్లోనే రంగు ఉబ్బుతుంది. చేపలు, రొయ్యలు మోసే లారీల నుండి కారే ఉప్పు కలిసిన మంచు నీరు ఛాసీకి త్వరగా తుప్పు పట్టిస్తుంది.

వాణిజ్య వాహనాల బాడీల నిర్మాణానికి జాతీయ ప్రమాణాలు వచ్చిన తరువాత ఈ వృత్తిలో మార్పులు వచ్చాయి. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే మధ్యతరహా, భారీ సరకు లారీల క్యాబిన్లకు ఎయిర్ కండిషనింగు తప్పనిసరి అయినది. కృష్ణా జిల్లా మల్లవల్లిలో అశోక్ లేలాండ్ సంస్థ బస్సుల కర్మాగారం 2025 మార్చిలో ప్రారంభమైనది.

## వరదలో మునిగిన వాహనం

2024 సెప్టెంబరు 1న బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీట మునిగాయి. వేలాది వాహనాలు మునిగిపోయాయి. ఈ సందర్భంలో వాహనదారులకు తెలియవలసిన మాట హైడ్రోలాక్.

గాలిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేము. సిలిండరులో నీరు ఉండగా సెల్ఫ్ కొడితే పైకి వచ్చిన పిస్టను నీటికి తగిలి ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కొన్నిసార్లు రాడ్డు విరిగి బ్లాకు పగులుతుంది. శుభ్రం చేసి ఆయిలు మారిస్తే సరిపోయే బండి ఆ ఒక్క ప్రయత్నంతో ఫుల్ ఇంజను పనికి చేరుతుంది. మునిగిన వాహనం విషయంలో పాటించే క్రమం ఇది:

# తాళం తిప్పరాదు. తోసి స్టార్టు చేయరాదు. బ్యాటరీ తీగ తీసివేయవలెను.
# నీరు ఎంత ఎత్తుకు చేరినదో తెలిసేలా ఫొటోలు తీసి, బీమా సంస్థకు తెలియజేసి, బండిని కట్టి లాగకుండా వీలైతే మరొక వాహనంపై ఎక్కించి షెడ్డుకు చేర్చవలెను.
# ఎయిర్ ఫిల్టరు తడిసినదో లేదో చూడవలెను. తడిస్తే సిలిండరులోకి నీరు పోయి ఉండవచ్చు.
# ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, ఇరుసు ఆయిలు, బ్రేకు ఆయిలు, ట్యాంకులోని ఇంధనం తీసివేయవలెను.
# ప్లగ్గులు లేక నాజిళ్ళు విప్పి, క్రాంకును చేతితో తిప్పి నీటిని బయటికి పంపవలెను.
# చక్రాల బేరింగుల గ్రీజు మార్చి, విద్యుత్ కనెక్టర్లను ఆరబెట్టి, ఎయిర్ బ్యాగుల వ్యవస్థను పరీక్ష చేయించవలెను.

మూడవ పక్షపు బీమా మాత్రమే ఉంటే ఈ నష్టానికి పరిహారం రాదు. సమగ్ర బీమాలో వరద నష్టం చేరి ఉంటుంది. అయితే మునిగిన తరువాత స్టార్టు చేయడం వల్ల ఇంజనుకు కలిగిన నష్టాన్ని పర్యవసాన నష్టంగా పరిగణించి, ఇంజను రక్షణ అనే అదనపు కవరు లేనివారికి పరిహారం నిరాకరించే అవకాశం ఉన్నది.

## కొత్త వాహనాలు, కొత్త పదాలు

2017 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 4, 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 కాలుష్య ప్రమాణాలు దేశమంతటా అమలులోకి వచ్చాయి. వీటితో షెడ్లలోకి కొత్త మాటలు వచ్చాయి.

* డెఫ్: 32.5 శాతం యూరియా, మిగిలినది శుద్ధజలం గల ద్రవం. పొగలోని నైట్రోజను ఆక్సైడులను తగ్గిస్తుంది. దీనిని "యూరియా" అనే పిలుస్తారు గాని పొలానికి వేసే యూరియాను నీటిలో కలిపి పోస్తే వ్యవస్థ మొత్తం చెడిపోతుంది.
* డీపీఎఫ్: డీజిలు మసిని పట్టే వడపోత. పట్టిన మసిని అప్పుడప్పుడు అధిక వేడితో కాల్చివేయడాన్ని రీజనరేషన్ అంటారు. ఎపుడూ తక్కువ దూరాలే తిరిగే బండిలో ఇది పూర్తికాక దీపం వెలుగుతుంది.
* స్కానరు, కోడు: బండిలోని కంప్యూటరు లోపాన్ని ఒక అక్షరం, నాలుగు గుర్తుల సంకేతంగా దాచుకుంటుంది. పీ అక్షరం ఇంజను - గేర్లకు, సీ ఛాసీకి, బీ బాడీకి, యూ కంప్యూటర్ల మధ్య సమాచారానికి గుర్తు. పీ 0300 అంటే సిలిండర్లు సక్రమంగా మండటం లేదని అర్థం.
* ఏబీఎస్: బ్రేకు గట్టిగా తొక్కినపుడు చక్రాలు పూర్తిగా బిగుసుకోకుండా చూసే వ్యవస్థ. అపుడు పెడలు అదరడం లోపం కాదు.
* బీఎంఎస్: విద్యుత్ వాహనాల బ్యాటరీలోని ప్రతి విభాగపు వోల్టేజి, వేడి గమనించే వ్యవస్థ. ఈ వాహనాలలో నారింజ రంగు తీగలు ప్రాణాంతకమైన అధిక వోల్టేజికి గుర్తు.

కోడు లక్షణాన్ని తెలుపుతుంది గాని కారణాన్ని తెలుపదు. పీ 0300 వచ్చినపుడు ప్లగ్గు, కాయిలు, నాజిలు, వాల్వు, గాలి లీకు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కోడులో పేరు కనబడిన సెన్సరునల్లా మార్చుకుంటూ పోతే ఖర్చు పెరుగుతుంది, లోపం అలాగే ఉంటుంది. "చల్లగా ఉన్నపుడు బాగుంటుంది, వేడెక్కాక మిస్సవుతుంది" అని డ్రైవరు చెప్పే వాక్యం స్కానరు చూపని సమాచారాన్ని ఇస్తుంది. అందువల్ల కొత్త వాహనాలలోనూ పాత క్రియాపదాల అవసరం తగ్గలేదు.

## బిల్లులో కనిపించే మాటలు

* జెన్యూను: వాహన సంస్థ పేరుతో వచ్చే విడిభాగం. లోకల్ అంటే ఇతరులు తయారుచేసినది. 
* రీకండిషను: పాత భాగాన్ని విప్పి, అరిగిన వాటిని మార్చి తిరిగి పనికి తెచ్చినది. 
* తుక్కు భాగం: విప్పేసిన వాహనం నుండి తీసినది. క్యాబిను రేకులు, తలుపులకు ఇది సరిపోవచ్చు. బ్రేకు, స్టీరింగు భాగాలకు వాడరాదు. ఇంజను కొంటే దాని నంబరుకు సంబంధించిన పత్రాలు తీసుకోవలెను.
* లేబరు: పని కూలి. విడిభాగాల ధర, లేబరు వేర్వేరుగా రాయించుకొని, మార్చిన పాత భాగాలను తిరిగి చూపమని అడగడం వాహనదారుని హక్కు.

## సినిమాలో

దేవ కట్టా దర్శకత్వంలో నాగ చైతన్య, సమంత నటించిన ఆటోనగర్ సూర్య సినిమా 2014లో విడుదలైనది. దీని కథ విజయవాడ ఆటోనగర్ నేపథ్యంలో సాగుతుంది, కథానాయకుడు మెకానిక్కు.

## ఇవి కూడా చూడండి

* విజయవాడ
* అంతర్దహన యంత్రం
* డీజిల్ ఇంజను
* బుడమేరు